పరువును పరిహసించిన దర్శకుడు

ఇటలీ దేశపు శిక్షాస్మృతిలో 1930వ సంవత్సరము మొదలు 1981వ సంవత్సరము వరకు 587వ ప్రకరణమని యొకటి యుండెను. తన భార్యగాని, కూతురుగాని, సోదరిగాని అక్రమసంబంధమున నుండగా కనిపెట్టి, తనకును తన కుటుంబమునకును పరువునష్టము కలిగెనను ఆగ్రహావేశములో ఆమెను చంపినవానికి 3 ఏండ్లకు తక్కువ గాకుండ, 7 ఏండ్లకు మించకుండ శిక్ష విధింపవలెనని ఆ ప్రకరణము శాసించెను. సామాన్యమైన హత్యకు ఆ స్మృతియే 21 ఏండ్లకు తక్కువ కాని కారాగారవాసము నిర్ణయించియుండెను. అనగా, చచ్చినది ఇంటి ఆడుదియై, చంపినవాడు పరువు పేరు చెప్పెనేని, ఆ ప్రాణము వెల ఏడవ వంతునకు దిగిపోవుచుండెను. ఆ కాలముననే ఆ దేశములో విడాకుల చట్టము లేకుండెను. మనసు కలియని భార్యను విడుచుటకు దారి లేదు. చంపుటకు మాత్రము రాయితీ కలదు. తలుపునకు తాళము వేసి, కిటికీ ప్రక్కన కత్తి నుంచిన ఇంటివలె నుండెను ఆ చట్టము.

ఇట్టి చట్టము అన్యాయమని చెప్పుటకు పండితుడు కానక్కరలేదు. అయినను అన్యాయమని తెలిసిన సంగతులు తరతరములు నిలిచియుండుట మనమెరుగనిది కాదు. 1961వ సంవత్సరమున పియెట్రో జెర్మీ యను దర్శకుడు ఈ 587వ ప్రకరణమునే కథావస్తువుగా గైకొని యొక హాస్యచిత్రమును తీసెను. దాని పేరు ‘దివోర్త్సియో అల్లితాలియానా’. మన భాషలో ‘ఇటలీ పద్ధతి విడాకులు’ అని చెప్పవచ్చును. పేరులోనే పెద్ద ఎత్తిపొడుపు కలదు. ఇతర దేశములవారు న్యాయస్థానమున కాగితము తీసికొని విడిపోవుదురు. మేము తుపాకి తీసికొని విడిపోవుదుము అని దాని భావము.

గంభీరమైన అన్యాయమును గూర్చి గంభీరముగానే మాటలాడవలెననియు, హాస్యము తేలిక సరకనియు తలచువారు మా ఉపాధ్యాయులలో పెక్కుమంది కలరు. వ్యాసరచనకు విషయమిచ్చునపుడు గూడ మనము ‘వరకట్న దురాచారము’ అని యిచ్చి, కన్నీరుమున్నీరుగా వ్రాసిన పిల్లవానికి ఎక్కువ మార్కులు వేయుదుము. నవ్వించిన పిల్లవానిని లేచి నిలుచుండుమందుము. జెర్మీ చరిత్రను చూడగా ఈ అలవాటు సరియైనది కాదని మాకు తోచుచున్నది. అందుకే ఈ నాలుగు మాటలు.

జెర్మీ 1914వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదిన జెనోవా రేవుపట్టణమున సామాన్యకుటుంబములో జన్మించెను. కొన్నాళ్లు నావికావిద్య నేర్చి, అది విడిచి, రోమునగరములోని చలనచిత్ర శిక్షణాలయమున చేరెను. అతని తొలి చిత్రము 1946వ సంవత్సరమున వెలువడెను. అది యుద్ధము ముగిసి, రొస్సెల్లీని, డి సీకా మొదలైనవారు కెమెరాను భవనములలోనుండి వీధులలోనికి తెచ్చి, పేదవాని బ్రతుకును ఉన్నదున్నట్లు చూపుచున్న కాలము. జెర్మీయు ఆ త్రోవనే పట్టెను. సిసిలీ ద్వీపమున ముఠాపెద్దల నెదిరించిన యొక యువ న్యాయాధికారి కథ 1949లోను, గంధకపు గని మూతపడగా పిల్లాపాపలతో మంచుకొండలు దాటి ఫ్రాన్సు దేశమునకు పొట్టకూటికై పోయిన కూలీల కథ 1950లోను తీసెను. తరువాత ఎంతయో పేరు గాంచిన ఫెల్లీని ఆ రోజులలో జెర్మీ చిత్రములు కొన్నింటికి కథ వ్రాసినవారిలో ఒకడు. 1956వ సంవత్సరమున ‘ఇల్ ఫెర్రొవియేరె’ యను చిత్రమున రైలు ఇంజను నడపువాని పాత్రను జెర్మీ తానే ధరించెను. ఆ ఇంటి చిన్నకొడుకు చెప్పినట్లుగా సాగు ఆ కథ చూచి కంటతడి పెట్టనివారు అరుదు.

ఈ చిత్రములలో ఎక్కడను పరిహాసము లేదు. నలువది ఏండ్లు దాటిన పిదప, ఇంతటి ముభావి, ఇంతటి గంభీరుడు, దేశమును పగలబడి నవ్వించుటకు పూనుకొనుట ఆశ్చర్యముగా నుండును. జొవాన్ని అర్పీనో యను రచయిత వ్రాసిన, పరువుహత్యను గూర్చిన నవల ఈ చిత్రమునకు మూలము. మొదట దీనిని విషాదచిత్రముగానే తలపెట్టి, వ్రాయుచు వ్రాయుచు హాస్యములోనికి మార్చిరి. ఏల మార్చిరో ఊహించుట కష్టము కాదు. 587వ ప్రకరణమును బిగ్గరగా రెండుమారులు చదివినచో ముఖము గంభీరముగా నుంచుకొనుటయే కష్టము.

కథ యిది. సిసిలీలో అగ్రమోంతె యను కల్పిత పట్టణము. అందు ఫెఫే యని పిలువబడు చితికిపోయిన జమీందారు. తలకు నూనె దట్టముగా పట్టించి, సన్నని మీసము దువ్వి, పనియేమియు లేక, నిమిషమున కొకసారి నోరొక ప్రక్కకు లాగుచు తిరుగుచుండును. ఈ పాత్రను మార్చెల్లో మస్త్రోయాన్నీ ధరించెను. భార్య రొసాలియా యనిన అతనికి విసుగు. తన చిన్నాయనగారి కుమార్తె, పదునారేండ్ల పడుచు, ఆంజెలాపై మోజు. చట్టము విడిపోనీయదు. భార్యను సబ్బు కాచు కాగులో వేసినట్లును, ఊబిలో దింపినట్లును, రాకెట్టులో నెక్కించి ఆకాశమునకు పంపినట్లును అతడు పగటికలలు కనుచుండును. ఇంతలో ప్రియుని చంపిన యొక స్త్రీకి న్యాయస్థానమున తేలికపాటి శిక్ష పడుట చూచును. అంతట అతనికి జ్ఞానోదయమగును. తన భార్యకు ప్రియుడు లేడు. కావున ప్రియుని సంపాదించి పెట్టవలెను!

ఇక్కడనుండి కథ గణితశాస్త్రమువలె నడచును. భార్యకు పూర్వము పరిచయమున్న కార్మెలో యను చిత్రకారుని, ఇంటి పైకప్పు మీది పాతచిత్రములు బాగుచేయు నెపమున, ఫెఫే తానే రప్పించును. వారిద్దరిని ఒంటరిగా విడుచును. వారి సంభాషణ పట్టుటకు ధ్వనిముద్రణ యంత్రమును దాచును. తాను ఇంకను హత్య చేయకమునుపే, రేపు తన పక్షమున న్యాయవాది యే ఉపన్యాసమిచ్చునో మనసులో వల్లించుకొనుచుండును. ఆ వక్త కంఠము గంభీరముగా మ్రోగుచుండగా కింద జరుగుచున్న నీచపు పనులు మనకు కనబడుచుండును. న్యాయస్థానములలోని అలంకారభాషకు ఇంతకంటె కఠినమైన విమర్శ మేమెచ్చటను చూడలేదు.

తుదకు రొసాలియా ఇల్లు విడిచి కార్మెలోతో పోవును. ఆ రాత్రి ఊరంతయు ఫెల్లీని తీసిన ‘లా దోల్చె వీతా’ చూచుటకు పోయినది. ఆ చిత్రము చూడరాదని ఊరి గురువుగారు గుడిలో గట్టిగా బోధించియుండిరి. కావుననే యొక్కరును ఇంట నుండలేదు. ఆ చిత్రములోని నాయకుడు గూడ మస్త్రోయాన్నీయే యగుట మరియొక చమత్కారము.

ఇక అసలు సంగతి. పట్టుకొని చంపవలసిన ముహూర్తము తప్పిపోయినది. ఇప్పుడు ఫెఫేకు కావలసినది అవమానము. ఎంత ఎక్కువయైన అంత మేలు. ఊరు ఆ అవమానమును దోసిళ్లతో తెచ్చి యిచ్చును. పేరులేని ఉత్తరములు గుట్టలుగా వచ్చును. అతడు వానిని ధనమువలె దాచుకొనును. చిన్నాయన శవయాత్రలో కార్మెలో భార్య అందరి యెదుట ఫెఫే ముఖమున ఉమ్మివేయును. ఆ ఉమ్మి ముఖమున పడిన క్షణమున ఫెఫేకు లోలోపల కలిగిన సంతోషమును మస్త్రోయాన్నీ చూపిన తీరు మరువరానిది. హత్యకు కావలసిన యోగ్యతాపత్రము అతనికి చేతికందినది. చంపును, తేలికగా బయటపడును, ఊరు అతనికి ఘనస్వాగతమిచ్చును. నిన్నటిదాక వెక్కిరించినవారే టోపీలు తీసి నమస్కరింతురు. అతడు ఆంజెలాను పెండ్లాడును. కడపటి దృశ్యమున, పడవమీద ఆమె భర్తను ముద్దుపెట్టుకొనుచుండగా ఆమె పాదము పడవవాని పాదమును తాకుచుండును.

ఇందలి హాస్యము ఎవరిమీద? ఇది ముఖ్యప్రశ్న. ఇంటి ఆడుది తప్పిపోయినచో ఆ ఇంటివానిని చూచి నవ్వుట అన్ని దేశములలోను పాత హాస్యము. మన వీధిభాగవతములలోను ఆ నవ్వునకు కొదువ లేదు. ఆ నవ్వే హంతకుని చేతికి కత్తి నందించుచున్నది. జెర్మీ ఆ నవ్వును వెనుకకు త్రిప్పెను. పరువు పోయినవానిని చూచి కాక, పరువును కాపలా కాయు ఊరిని చూచి నవ్వించెను. చిత్రములో ఒకచోట శ్రామికపక్షపు కార్యాలయమున ఉత్తరాదినుండి వచ్చిన ఉపన్యాసకుడు, రొసాలియాను గూర్చి సావధానముగా, న్యాయముగా ఆలోచింపుడని సభికులను కోరును. కూడినవారందరును ఏకకంఠమున ఆమెను కులట యని తిట్టుదురు. ఆ కార్యాలయమునందే పురుషులు పురుషులతో జోడుకట్టి నాట్యమాడుచుందురు. ఆడువారు ఇంటిలో నుండవలెను గదా! అనగా పాతకాలపు జమీందారు, గుడి, ముఠాపెద్ద, విప్లవము కోరు కార్మికుడు, ఈ యొక్క విషయమున మాత్రము అందరును ఒక్క పక్షమే.

మన భాషలో ఇట్టి నవ్వు లేకపోలేదు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892వ సంవత్సరమున విజయనగరమున తొలుత ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడినది. పసిపిల్లలను ముసలివారికి అమ్ముట వంటి ఘోరమును వారు నవ్వుతోనే ఎదుర్కొనిరి. మాటల మూటయైన గిరీశమునకు ఫెఫేను చూపినచో దూరపుచుట్టమని గుర్తుపట్టి సిగరెట్టు అడిగియుండును.

జెర్మీ చిత్రము ప్రపంచమంతట తిరిగెను. 1962లో కాన్ ఉత్సవమున ఉత్తమ హాస్యచిత్రముగా బహుమానము పొందెను. 1963లో అమెరికావారి ఆస్కారు బహుమానము, చిత్రమునకై నేరుగా వ్రాసిన కథకు, జెర్మీకిని అతనితో కలిసి వ్రాసిన ఎన్నియో దె కొంచీనీ, అల్ఫ్రేదో జన్నెత్తీలకును లభించెను. ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటుడు అను విభాగములలో గూడ ఈ చిత్రము పరిశీలింపబడినది. ఇటలీ భాషలో తీసిన చిత్రమునకు ఆ రోజులలో ఇది చిన్న గౌరవము కాదు.

జెర్మీమీద ఆక్షేపణలు కలవు. వానిలో రెండింటికి జవాబు చెప్పవలసియున్నది. మొదటిది, ఉత్తరాదివాడు దక్షిణాది పేదలను వెక్కిరించెననునది. సిసిలీవారికి ఇది నొప్పి కలిగించుట సహజము. ఒక ప్రాంతమువాడు మరియొక ప్రాంతముయొక్క యాసను, ఆచారమును తెరమీద నవ్వులపాలు చేసినపుడు కలుగు మంట ఎట్టిదో తెలుగు ప్రేక్షకులకు వేరుగా చెప్పనక్కరలేదు. కాని శిక్షాస్మృతి సిసిలీలో వ్రాయబడలేదు. అది రోములో వ్రాయబడి, దేశమంతటికి చెల్లినది. జెర్మీ ఈ ఆక్షేపణకు మాటలతో కాక మరియొక చిత్రముతో జవాబిచ్చెను. దానిని గూర్చి ముందు చెప్పుదుము.

రెండవది, పవిత్రమైన వివాహమును గూర్చి నవ్వవచ్చునా యనునది. మేము క్రైస్తవులము, వివాహబంధము మనుష్యులు కట్టి విప్పుకొను ముడి యని నమ్మువారము కాము. అయినను ఈ చిత్రమున నవ్వులపాలైనది వివాహము కాదనియే మా మతము. భార్య ప్రాణమునకు మూడేండ్ల వెలకట్టి, దానికి వివాహరక్షణ యని పేరు పెట్టిన కాపట్యమే నవ్వులపాలైనది. గుడికి నిత్యము పోవుచు, ఆ చట్టమును చూచి పెదవి విప్పని పెద్దలు నవ్వులపాలైరి. దానికి మనము నొచ్చుకొనవలసిన పని లేదు.

1964వ సంవత్సరమున జెర్మీ ‘సెదొత్తా ఎ అబ్బందొనాతా’ యను చిత్రము తీసెను. ‘మోసపోయినది, విడువబడినది’ యని అర్థము. మా దృష్టిలో ఇది మొదటిదానికంటె గొప్పది, మొదటిదానికంటె భయంకరమైనది. ఇది 544వ ప్రకరణముమీద ఎక్కుపెట్టినది. కన్యను చెరచినవాడు పిమ్మట ఆమెను పెండ్లాడెనేని నేరము మాసిపోవునని ఆ ప్రకరణము చెప్పుచుండెను. చెడిన కన్యకు పెండ్లి ‘మరమ్మతు’ అన్నమాట. ఆ భాషలో ఆ పెండ్లికి పేరే అది.

ఇందు అగ్నేసె యను పిల్లను అక్కకు కాబోయిన భర్తయే పాడుచేయును. తండ్రి దొన్ విన్చెంత్సోకు కూతురి దుఃఖముతో పని లేదు. ఊరు ఏమనుకొనుననునదే పని. కూతురిని గదిలో పెట్టి తాళము వేయును. కొడుకుచేత ఆ కుర్రవానిని చంపింప జూచును. పెద్దకూతురికి చితికిపోయిన పండ్లూడిన జమీందారును కుదిర్చి అతనికి పండ్లు కట్టించును. తుదకు అందరి యెదుట బూటకపు ఎత్తుకపోవుట జరిపించి పెండ్లికి దారి చేయును. ఆ కుర్రవాడో, చెడిన పిల్లను తానెట్లు పెండ్లాడుదునని మొండికేయును. చెరచినది తానే యైనను! ఈ వాదమును అతని తల్లిదండ్రులు న్యాయమైనదిగానే వినుట చూచి మనము నవ్వుదుము. నవ్విన వెంటనే, ఈ మాట మనమెక్కడనో విన్నామే యని తోచి, నవ్వు గొంతులో నిలిచిపోవును. తండ్రి గుండె ఆగి చనిపోవుచు గూడ, పెండ్లి జరుగువరకు తన చావును దాచుడని ఆజ్ఞాపించును. తండ్రి వేషము ధరించిన సారో ఉర్ట్సీకి ఆ యేడు కాన్ ఉత్సవమున ఉత్తమ నటునిగా బహుమానము లభించెను. అగ్నేసెగా నటించిన స్తెఫానియా సాంద్రెల్లీ, మొదటి చిత్రమున ఆంజెలాగా నటించిన బాలికయే. ఈ చిత్రములో పోలీసు అధికారి ఒకడు, విసిగి వేసారి, గోడమీది ఇటలీ పటమున సిసిలీని అరచేతితో కప్పి, అది లేకున్న దేశమెట్లుండునో చూచుకొనును. పాపము, అరచేయి తీసిన పిమ్మట సిసిలీ అక్కడనే యుండును.

చిత్రము వచ్చిన మరుసటి యేడు, 1965వ సంవత్సరము డిసెంబరు 26వ తేదిన, అదే ద్వీపమున అల్కామో యను ఊరిలో ఫ్రాంకా వియోలా యను పదునేడేండ్ల బాలికను ఆమె పూర్వము నిరాకరించిన యువకుడు అనుచరులతో వచ్చి ఎత్తుకొనిపోయి, దినములతరబడి నిర్బంధించి చెరచెను. లోకాచారము ప్రకారము ఆమె అతనిని పెండ్లాడవలెను; చట్టప్రకారము అతని నేరము మాసిపోవలెను. ఆమె పెండ్లాడనని చెప్పెను. ఆమె తండ్రి రైతు. జెర్మీ చిత్రములోని తండ్రివలె గాక, కూతురి ప్రక్కన నిలిచెను. వారి ద్రాక్షతోటకు నిప్పు పెట్టిరి. అయినను వెనుదీయలేదు. 1966లో విచారణ జరిగి నేరస్థునికి 11 ఏండ్ల శిక్ష పడెను. అప్పీలులో అది కొంత తగ్గెను. 1968లో ఆమె తాను కోరినవానిని పెండ్లాడినపుడు దేశాధ్యక్షుడు కానుక పంపెను. పోపుగారు ఆ దంపతులకు దర్శనమిచ్చిరి. 2014వ సంవత్సరమున దేశాధ్యక్షుడు ఆమెకు బిరుదమిచ్చి గౌరవించెను.

జెర్మీ చిత్రము చూచి ఆమెకు ధైర్యము కలిగెనని మేము చెప్పుట లేదు. అట్లు చెప్పుట ఆమె ధైర్యమును అపహరించి సినిమావానికి కట్టబెట్టుట యగును. మేము చెప్పునది వేరు. ఆమె ‘కాదు’ అన్ననాటికి దేశమున లక్షలకొలది జనులు ఆ ఆచారమును చూచి ఒకమారు నవ్వియుండిరి. పవిత్రమని తలవంచిన దానిని చూచి ఒకమారు నవ్విన తరువాత మరల అదే భక్తితో తలవంచుట సాధ్యము కాదు. ఆమె మాట పడిన నేల అప్పటికే కొంత దున్నబడియుండెను. హాస్యముచేత అగు పని అంతవరకే. అది తక్కువ పని యని మేమనుకొనము.

ఇక ఉత్తరాదిని విడిచిపెట్టెనను ఆక్షేపణకు జవాబు. 1966వ సంవత్సరమున జెర్మీ వెనెతో ప్రాంతమున, త్రెవీజో పట్టణమున, ‘సిన్యోరె ఎ సిన్యోరి’ యను చిత్రము తీసెను. ‘అమ్మలారా, అయ్యలారా’ యని సభలలో పిలుచునట్టి పేరు. ఇక్కడ దారిద్ర్యము లేదు, నిరక్షరాస్యత లేదు. వైద్యులు, వర్తకులు, బ్యాంకు ఉద్యోగులు. ఆదివారము నాడు మంచి దుస్తులు ధరించి గుడికి పోవు పెద్దమనుష్యులు. చిత్రములో మూడు కథలు కలవు. వానిలో రెండవది మాకు మిక్కిలి నచ్చినది. ఆ మిత్రమండలిలో ప్రతివానికిని రహస్యముగా ఏదో యొక సంబంధము కలదు. ఎవరును ఎవరిని ఏమియు అనరు. వారిలో బిసిగాతో యను బ్యాంకు గుమాస్తా ఒక కాఫీశాలలో పనిచేయు స్త్రీని నిజముగా ప్రేమించి, దాచక, ఇల్లు విడిచి ఆమెతో నుండదలచును. అంతట ఊరంతయు కత్తి కట్టును. గురువు, పోలీసు, యజమాని, మిత్రులు, అందరును ఏకమై ఇద్దరిని అణగద్రొక్కుదురు. అతడు చేసినది ధర్మమని మేము వాదించుట లేదు. కాని ఊరు శిక్షించినది పాపమును కాదు, బహిరంగమగుటను. మూడవ కథలో పల్లెటూరి మైనరు బాలికను పెద్దమనుష్యులు పాడుచేయగా, తండ్రి ఫిర్యాదు చేసినపుడు, డబ్బిచ్చి నోరు మూయింతురు. పెద్ద పట్టణము, చక్కని వీధులు, చదువు, లోపల అగ్రమోంతెయే! ఈ చిత్రమునకు కాన్ ఉత్సవమున అత్యున్నత బహుమానము, ఫ్రెంచి దర్శకుడు క్లోద్ లెలూష్ చిత్రముతో సమముగా, లభించినది.

తరువాతి చిత్రములను గూర్చి విస్తరింప బనిలేదు. అవి నవ్వించును గాని అంత లోతుగా కోయవు. 1972లో అమెరికా నటుడు డస్టిన్ హాఫ్మన్‌తో తీసిన ‘అల్ఫ్రేదో, అల్ఫ్రేదో’ అతడు దర్శకత్వము వహించి ముగించిన కడపటి చిత్రము. అప్పటికి ఇటలీలో విడాకుల చట్టము, 1970వ సంవత్సరము డిసెంబరు 1వ తేదిన, వచ్చియుండెను. దానిని రద్దు చేయింపవలెనని 1974వ సంవత్సరము మే నెలలో ప్రజాభిప్రాయము సేకరింపగా నూటికి 59 మంది చట్టము ఉండవలెననిరి. ఆ యేడే డిసెంబరు 5వ తేదిన జెర్మీ రోమునగరమున మరణించెను. అతడు సిద్ధపరచి, వ్యాధివలన తీయలేకపోయిన ‘అమీచి మియేయి’ (‘నా స్నేహితులు’) యను చిత్రమును మారియో మొనిచెల్లి 1975లో తీసి, పీఠికలో జెర్మీ పేరునే ముందుంచెను. అన్ని వృత్తులలోను కనబడని మర్యాద యిది.

అతని ప్రభావమును గూర్చి ఒక మాట. 1958 మొదలు రెండు దశాబ్దములపాటు ఇటలీలో మొనిచెల్లి, దీనో రీసి, కొమెన్చీని, ఎత్తొరె స్కోలా మొదలగువారు తీసిన చేదునవ్వు చిత్రములకు ‘కొమ్మేదియా అల్లితాలియానా’ యను పేరు స్థిరపడినది. ఆ పేరు జెర్మీ చిత్రపు పేరునుండియే పుట్టినది. డి సీకాయే 1964లో ‘ఇటలీ పద్ధతి వివాహము’ అని తన చిత్రమునకు పేరు పెట్టెను. దక్షిణాది పురుషుని పరువుపిచ్చిని లీనా వెర్త్‌ముల్లర్ 1970లలో తీసికొని మరింత కటువుగా చేసెను. దర్శకత్వమునకై ఆస్కారు పరిశీలనకు పేరు వెళ్లిన తొలి స్త్రీ ఆమె. ఇంత యున్నను, ఫెల్లీని పేరెరిగిన మన చదువరులలో జెర్మీ పేరెరిగినవారు కొలదిమందియే. గొప్ప సిద్ధాంతములు చెప్పక, పత్రికలవారితో మంతనములాడక, ఏ పక్షమువారికిని పూర్తిగా రుచింపక బ్రతికినవాడు. అందువలన అతని కీర్తికి కాపలాదారులు తక్కువ.

587వ ప్రకరణము, 544వ ప్రకరణము రెండును 1981వ సంవత్సరము ఆగస్టు 5వ తేది చట్టముచేత ఒక్కసారిగా రద్దయ్యెను. అప్పటికి ‘ఇటలీ పద్ధతి విడాకులు’ వచ్చి ఇరువది ఏండ్లు, జెర్మీ మరణించి దాదాపు ఏడేండ్లు. స్త్రీపై బలాత్కారమును ‘నీతికి’ విరుద్ధమైన నేరముల పట్టికనుండి తీసి మనిషికి విరుద్ధమైన నేరముగా వ్రాసికొనుటకు 1996వ సంవత్సరము వరకు పట్టినది. నవ్వు తొందరపడినను శాసనసభలు తొందరపడవు.

మన దేశమున అట్టి ప్రకరణము స్మృతిలో లేదు. అయినను ‘పరువుహత్య’ యను మాట మన తెలుగు పత్రికలలో స్థిరపడిపోయినది. అది లేని సంవత్సరము లేదు. బలాత్కారపు కేసులలో రాజీకి తావు లేదని మన సుప్రీంకోర్టు 2015వ సంవత్సరమున చెప్పవలసివచ్చెను. ఇద్దరు పెద్దవయసువారు కోరి చేసికొన్న పెండ్లిని కులపంచాయతీలు అడ్డగించుట చట్టవిరుద్ధమని 2018వ సంవత్సరమున చెప్పవలసివచ్చెను. ఈ వార్తలు వచ్చినపుడు మనము ఖండించుచు తీర్మానములు చేయుదుము. తండ్రి కంటె ముందుగా ఆ తండ్రిని ‘ఊరిలో తల ఎత్తుకొని ఎట్లు తిరుగుచున్నావయ్యా’ అని అడిగిన పదిమందిని గూర్చి, ఆ ప్రశ్నను టీ కొట్టు దగ్గర నవ్వుచు అడిగినవానిని గూర్చి, ఒక్క నాటిక యైనను మా పాఠశాల వార్షికోత్సవమున వ్రాసి ఆడరాదా యని పై తరగతుల విద్యార్థులను అడుగుచున్నాము. వ్రాసినవారిని లేచి నిలుచుండుమని చెప్పము.

ఈ చిత్రములు చిన్న తరగతులవారికి తగినవి కావు. పెద్దలును, కళాశాలకు పోవువారును చూడదలచినచో మొదట ‘ఇల్ ఫెర్రొవియేరె’ చూడుడు. మనుష్యులను ఇంతగా ప్రేమించినవాడు పిమ్మట ఏల అంతగా పరిహసించెనో అపుడు తెలియును. తరువాత ‘ఇటలీ పద్ధతి విడాకులు’. ‘మోసపోయినది, విడువబడినది’ చిత్రమును మాత్రము ఇంటిల్లిపాదియు కూర్చుండి చూడుడు. తండ్రులు ముందు వరుసలో కూర్చుండవలెను.